తమరి షడ్జమం ఎక్కడుందో సెలవివ్వండి

మహారాజశ్రీ డాక్సోఫోన్ గారి సముఖానికి,

కమానుతో రాస్తే పలికే చెక్క పలక వాద్యమైన తమరి సృష్టికర్తనని విజయనగరమంతా చెప్పుకుని తిరుగుతున్న సేవకుడు నమస్కరించి చేసుకునే విన్నపం. ‘సృష్టికర్త’ అనగానే తమరు ముసిముసిగా మూలుగుతారని నాకు తెలుసు. తమరి వంశకర్త జర్మనీలోని వుపర్టాల్‌లో ఉండిన హాన్స్ రైఖెల్ అనీ, గిటారు వాయిస్తూ అచ్చు అక్షరాలకు రూపాలు గీస్తూ బతికిన ఆ మహానుభావుడు 1980ల్లోనే తమరి పూర్వీకులను చెక్కాడనీ, బొరియలు తవ్వుకుని బతికే ఒక జంతువుకు తన భాషలో ఉన్న పేరునే వారికి పెట్టాడనీ నేను మా వీధిలో ఎవరికీ చెప్పలేదు. పైగా తమరి పీఠం మీద నా పేరు ఉలితో చెక్కుకున్నాను. అంత మాత్రానికే తమరు ఇంత పగ సాధించాలా?

తమరి పుట్టుక నేనెరుగనిది కాదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే పనివారి వాకిట్లో, ఎందుకూ కొరగాదని మూల పడేసిన ముక్క తమరు. ఆ ముక్కను ఇంటికి తెచ్చి, 33 సెంటీమీటర్ల పొడవుకు కోసి, 5 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా చిత్రిక పట్టి, అంచులను ఆకురాయితో ఒంపులు తిప్పి, ఉప్పుకాగితంతో రుద్దీ రుద్దీ నా వేలిముద్రలు నేనే పోగొట్టుకున్నాను. ఒక కొసను చెక్క దిమ్మలో బిగించి, ఆ దిమ్మలో చెక్క అదురును విద్యుత్తుగా మార్చే పీజో బిళ్ల అమర్చి, దాని తీగను స్పీకరుకు కలిపి, దిమ్మను భోజనాల బల్లకు క్లాంపుతో కట్టేశాను. ఇక కుడిచేత్తో రోజిన్ పూసిన వయొలిన్ కమాను తమరి రెండో కొస మీద లాగడం, ఎడమచేత్తో కింద ఒంపు తిరిగిన కర్రముక్కను తమరి వీపు మీద అదిమి దొర్లించడం మాత్రమే మిగిలింది. ఆ కర్రముక్కకు ఒకవైపు మెట్లు ఉంటాయి, రెండోవైపు నున్నగా ఉంటుంది. నేను మెట్ల వైపే వాడాను. మెట్లుంటే స్వరాలు వాటంతట అవే పలుకుతాయనుకున్నాను.

ఇంతకీ తమరినే ఎందుకు చేశానో ఒప్పుకుంటాను. 1919లో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులుగా ఉన్న ఊరు మాది. ఇక్కడ వీణ ముట్టుకుంటే ఎదురింటి అరుగు మీది ముసలాయన కూడా గాంధారం తగ్గిందని చెప్పగలడు. మూడేళ్లు సరళీ వరుసలతో కుస్తీ పట్టి, రెండో కాలం దగ్గర చేతులెత్తేసినవాణ్ణి నేను. గురువు లేని, సాధన చేయాల్సిన వర్ణం లేని, తప్పు వాయించావని చెప్పే మనిషి చుట్టుపక్కల ఎక్కడా లేని వాద్యం కోసమే తమరిని ఆశ్రయించాను.

తీరా చూస్తే తప్పు పట్టే పని తమరే చేపట్టారు. తీగను సరిగ్గా సగంలో నొక్కితే పై షడ్జమం వస్తుందన్నది వీణ నాకు నేర్పిన ఒకే ఒక్క నిజం. తమరి దగ్గర అదీ చెల్లదు: ఒక కొస బిగించిన పలకలో కదిలే భాగం సగమైతే కంపన వేగం నాలుగు రెట్లయి, శ్రుతి ఏకంగా రెండు స్థాయిలు పైకి గెంతుతుంది. తీగలో అసలు స్వరంతో పాటు పుట్టే అనుస్వరాలు రెండు, మూడు, నాలుగు రెట్లుగా బుద్ధిగా వరుసలో నిలబడతాయి. తమరిలోనో, మొదటి స్వరం తర్వాత వచ్చేది దానికి సుమారు 6.27 రెట్లు. ఆ 6.27 ఏ మేళకర్త రాగంలోదో తమరే సెలవివ్వాలి.

ఇంట్లో నా పరువు సంగతి వేరే చెప్పనక్కరలేదు. మొదటి రోజు నేను కళ్లు మూసుకుని తన్మయంగా కమాను లాగుతుంటే వంటింట్లోంచి మా అమ్మ, “ఒరే, గుమ్మంలో కుక్క ఏడుస్తోంది, ఇంత అన్నం పెట్టు” అంది. రెండో రోజు పాలబ్బాయి గిన్నె అందుకుంటూ, లోపల ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని గొంతు తగ్గించి అడిగాడు. తమరి గొంతు మనిషి గొంతులా ఉంటుందని మెచ్చుకునేవారు, ఆ మనిషి ఆరోగ్యం గురించి ఎందుకు చెప్పరో!

ఇవన్నీ క్షమించాను. నిన్న సాయంత్రం చేసిన ద్రోహం మాత్రం క్షమించలేను. పక్కింటి వీణ మామ్మగారు, ఒకప్పుడు నా చేత సరళీ వరుసలు వాయింపించలేక విసిగిన ఆవిడే, చప్పుడు ఏమిటో చూద్దామని వచ్చారు. కాసేపు చూసి, నా చేతిలో కర్రముక్క తీసుకుని, మెట్ల వైపు కాక నున్నటి వైపు తిప్పి, మెట్లు లేని వీణలాంటి గోటువాద్యం మీద జారించినట్టు తమరి వీపు మీద మెల్లగా జారించారు. నన్ను కమాను లాగమన్నారు. లాగాను. నెల రోజులుగా నా దగ్గర కుక్కలా ఏడ్చిన తమరు ఆవిడ చేతి కింద మధ్యమం నుంచి గాంధారానికి ఒక్క జారు జారి, అక్కడ సన్నగా ఊగి నిలిచారు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

మామ్మగారు కర్రముక్క నా చేతిలో పెట్టి, “రేపు ఆరింటికి రా బాబూ, మాయామాళవగౌళ సరళీ వరుసల నుంచి మొదలుపెడదాం. దీన్నీ పట్టుకురా,” అన్నారు.

కనుక రేపు తెల్లవారుజామున ఆరింటిలోగా తమరు విరిగిపోవాలనీ, అది వీలుకాకపోతే కనీసం పగులైనా చూపించాలనీ ప్రార్థన. క్లాంపు కొంచెం ఎక్కువే బిగించి పెట్టాను.

ఇట్లు,
తమరి పీఠం మీద పేరున్నవాడు