మంత్రానికీ ఓ లెక్క ఉంది
డీసీ కామిక్స్‌లోని మాంత్రిక వీరుల జట్టు కథగా 2017లో వచ్చిన 'జస్టిస్ లీగ్ డార్క్' యానిమేషన్ సినిమాలో మంత్రాలకు ఓ పద్ధతంటూ లేదని, కథకు ఏది కావాలంటే అది జరిగిపోతుందని ఆ సినిమాపై వచ్చిన ఓ వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. ఆ జట్టులోని మాంత్రికురాలు జటానా మంత్రం పారాలంటే మాటల్ని తిరగేసి పలకాలి, కామిక్స్ నుంచీ ఇదే కట్టుబాటు. నోరు పెగలకపోతే ఆమె బలం సగానికి సగం పోయినట్టే. జట్టులోని మరో పాత్ర జేసన్ బ్లడ్ సంగతైతే ఇంకా గట్టిది. శతాబ్దాల కిందట చావుగాయం తగిలితే మాంత్రికుడు మెర్లిన్ అతణ్ని ఎట్రిగన్ అనే రాక్షసుడితో ముడివేసి బతికించాడు. చివర్లో ఆ ఇద్దరూ విడిపోగానే అదే పాత గాయం మళ్లీ నెత్తురోడుతుంది, పక్కన ఇంతమంది మాంత్రికులున్నా అతను దక్కడు. పద్ధతి లేని కథలో ఆ చావు అంత బరువుగా తగలదు. అసలు లోపం నిడివిలో ఉంది. గంటంపావు సినిమాలో ఇన్ని పాత్రల్ని కుక్కేసరికి పాపం చెట్టూచేమల దేహమున్న స్వాంప్ థింగ్ ఇలా వచ్చి అలా వెళ్లిపోతాడు.