‘అర్థమైందా అండీ?’ అని అడగడం మానేద్దాం

చిన్న కంపెనీల్లో, కొట్లలో లెక్కలు రాసేవారికి కొన్నేళ్లుగా రాత్రి ఎనిమిదింటికి జూమ్‌లో ఎక్సెల్, జీఎస్టీ రిటర్నుల పని నేర్పుతున్నాను. పెద్దవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు మనం అడిగే ప్రశ్నలన్నింటిలోకీ పనికిమాలినది ‘అర్థమైందా అండీ?’ అన్నదేనని నా నిశ్చితాభిప్రాయం. పిల్లలైతే కాలేదని మొహం మీదే చెప్పేస్తారు. యాభై ఏళ్ల గుమాస్తాగారు మాత్రం, తన కొడుకు ఈడువాళ్లు ఇరవై మంది వింటుండగా, ఆ మాట అనడానికి నామోషీ పడతారు. ‘అయింది సార్’ అనేసి మైకు ఆపేసుకుంటారు.

కిరాణా హోల్‌సేల్ కొట్టులో పద్దులు చూసే ఒకాయన నా క్లాసులో మూడు వారాల పాటు అలాగే అన్నారు. నాలుగో వారం వాట్సాప్‌లో విడిగా రాశారు: ‘సార్, మీ అంకెలు నాకు చీమల బారులా కనిపిస్తున్నాయి.’ ఆయన చూస్తున్నది ఫోనులో. నేను చూపిస్తున్నది ‘ఏ’ నుంచి ‘ఆర్’ దాకా 18 కాలమ్‌లున్న షీటు. మూడు వారాలు ఆయన నా గొంతు విన్నారే తప్ప పాఠం చూడలేదు. ఆనాటి నుంచి తెర మీద ఐదు కాలమ్‌లకు మించి ఉంచడం లేదు. నా పాత ఫోనుతో నేనే విద్యార్థిగా క్లాసులో చేరి, అవతలి వాళ్లకు ఏం కనబడుతోందో ఓ కంట చూసుకుంటున్నాను.

ఇంకో దోషం మన తొందర. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే జవాబుల తీరే మారిపోతుందనీ 1970లలోనే అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు గమనించారు. ఆమె చూసినవి ఎదురెదురుగా కూర్చున్న తరగతులు. మన క్లాసులో నెట్ ఆలస్యం, మైకు బటన్ వెతుక్కోవడం, పక్కన కుక్కర్ కూత, ఇవన్నీ అదనం. అందుకే నేను ‘జవాబు చాట్‌లో టైపు చేసి పెట్టుకోండి, నేను చెప్పాక అందరూ ఒక్కసారే పంపండి’ అంటాను. అప్పుడు ఇరవై జవాబులు ఒక్కుమ్మడిగా పడతాయి, ఎవరిది తప్పో ఎవరూ వేలెత్తి చూపలేరు, నేను ఎక్కడ సరిగా చెప్పలేదో మాత్రం నాకు తెలిసిపోతుంది.

అసలు గంటసేపు మనమే మాట్లాడితే దానికి లైవ్ క్లాసు ఎందుకు? రికార్డింగ్ పంపితే సరిపోదూ? ఒక పట్టికలోని వివరాన్ని ఇంకో పట్టికలో వెతికి తెచ్చే ఎక్సెల్ ‘వీలుకప్’ సూత్రాన్ని పండ్ల పేర్లు, ధరల పట్టికతో నేర్పినన్నాళ్లూ క్లాసు నిద్రమత్తులో ఉండేది. ప్రతి నెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే టూబీని, అంటే సప్లయర్లు మన పేరిట చూపించిన బిల్లుల జాబితాను, మన పర్చేజ్ రిజిస్టర్‌తో సరిపోల్చే పని ఇచ్చాక కథ మారింది, ఎందుకంటే బిల్లు అందులో లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) ఆగిపోతుంది, యజమాని చేత మాట పడాల్సింది వాళ్లే. సూత్రం సరిగ్గానే రాసినా వరసగా ‘ఎన్/ఏ’ (దొరకలేదు) అనే వచ్చింది. నేను తడబడుతుంటే ఆ కిరాణా కొట్టు ఆయనే మైకు తెరిచి, ‘పుస్తకంలో 45 అని ఎక్కిస్తాం సార్, సప్లయరేమో ఐఎన్‌వీ/045 అని పెడతాడు, కలవమంటే ఎలా కలుస్తాయి?’ అన్నారు. తర్వాతి అరగంట పాఠం ఆయనే చెప్పారనుకోవచ్చు. ఆయన పాతికేళ్ల అనుభవాన్ని మూడు వారాలు పక్కన పడేసింది నేనే.

హాజరు సరిగా లేదని విసుక్కునే సహోద్యోగులకు నా సొంత నిర్వాకం ఒకటి చెప్పాలి. జీఎస్టీ నేర్పే నేనే, చాలాకాలం 11నా 20నా కూడా క్లాసు పెట్టి, సగం మంది రాలేదని చిరాకు పడ్డాను. నెలవారీగా దాఖలు చేసేవారికి ఆర్‌వన్‌కు (అమ్మకాల వివరాల రిటర్ను) గడువు 11, త్రీబీకి (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను) 20. ఇప్పుడు ఆ రెండు రోజులూ, వాటి ముందు రోజులూ మా క్లాసుకు సెలవు.