సముద్రానికి సమయపాలన నేర్పేదెవరు?

బంగాళాఖాతం పనితీరు మీద ఇంతవరకూ ఒక్క సమీక్షా సమావేశం జరగలేదు. తుపాను వచ్చినప్పుడు అధికారులు కూర్చుంటారు, నిజమే. కానీ అది తుపాను మీద సమావేశం. గాలీ వానా లేని మామూలు ఆదివారాల్లో ఈ సముద్రం ప్రజలతో ఎలా మసలుకుంటోందన్నది ఎవరికీ పట్టలేదు. ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగువాళ్ళ తరఫున ఆ బరువు నేనే ఎత్తుకుంటున్నాను.

గొడవంతా ఒక రహస్య తీరం గురించి. గోపాల్‌పూర్‌కీ గిరిసోలకీ నడుమ, ఒక ఏటి మొగ దగ్గర. ఏ మొగో చెప్పను. రహస్యం రహస్యంగానే ఉండాలని బరంపురంలో అందరం ఒక మాట మీద ఉన్నాం. ఇచ్ఛాపురం వాళ్ళకూ అదే గట్టిగా చెప్పాం. వాళ్ళు పలాస వాళ్ళకు చెప్పేముందు ఒట్టు వేయించుకున్నారట. నీరు తీసినప్పుడు మోకాలి లోతులో ఏరు దాటితే అవతల పొడుగాటి ఇసుక తిప్ప ఒకటి బయటపడి ఉంటుంది. నీరు ఎక్కితే ముందు దారి మునుగుతుంది, కాస్త ఆగి తిప్ప కూడా. రోజుకు రెండుసార్లు పుట్టి రెండుసార్లు పోయే ఈ భూమి మీద ఇప్పుడు ప్రీ వెడ్డింగ్ షూట్లు జరుగుతున్నాయి.

దీన్ని కనిపెట్టింది ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడు, డ్రోనుతో. అంతకుముందు ఎవరికీ తెలియదు. పక్కనే ఒక ఊరుంది, ఆ ఊరివాళ్ళ తాతముత్తాతలు ఆ తిప్ప మీదే అలివి వల లాగారు, అక్కడే వలలు ఆరబెట్టుకున్నారు, అది వేరే సంగతి. వాళ్ళకు తెలిసి ఉండటాన్ని తెలియడం కింద జమకట్టే పద్ధతి మన దగ్గర లేదు. ఒడిశాలో వాళ్ళని నోళియాలంటారు. ఇంట్లో మాట్లాడుకునేది మన తెలుగే.

ఇక ఫిర్యాదులోకి వస్తాను. మొదటిది వేళలు. సముద్రం భారత ప్రామాణిక కాలాన్ని గుర్తించదు. దాని రోజు 24 గంటలు కాదు, 24 గంటల 50 నిమిషాలు. భూమి ఒక చుట్టు తిరిగి వచ్చేలోగా చంద్రుడు తన దారిలో కాస్త ముందుకు జరిగిపోతాడు కనుక, ఆయన్ని మళ్ళీ అందుకోవడానికి ఆ 50 నిమిషాలు పడుతుందని శాస్త్రం చెప్పే సాకు. ఫలితం ఏమిటి? ఈ ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు నీరు తీస్తే, వచ్చే ఆదివారం అదే రెండున్నరకు పోటు ముంచుకొస్తూ ఉంటుంది. ఉద్యోగస్థుడికి ఉన్నదే ఒక్క ఆదివారం. ఏ ఆఫీసులోనైనా ఒక గుమస్తా రోజూ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తే ఊరుకుంటామా?

ముందుగా చెప్పలేదనడానికి మాత్రం లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అది కొద్దిరోజుల ముందు కబురు పంపితేనే లక్షల మందిమి సర్దుకుని పోయాం. ఆటుపోట్లు ఏడాది ముందే కబురు పంపుతాయి. ఏ రేవులో ఏ తేదీన ఏ నిమిషానికి నీరు ఎంత ఎత్తుకు వస్తుందో సర్వే ఆఫ్ ఇండియా పట్టికలు వేస్తుంది. ఆ లెక్కలు కట్టేది దెహ్రాదూన్‌లో, హిమాలయాల పాదాల దగ్గర. కెరటాలెంత ఎత్తు లేస్తాయో, ఉప్పెన ఉందో లేదో చెప్పే ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాదులో, చెరువులకే సాగర్ అని పేరు పెట్టుకున్న ఊళ్ళో. నిందితుడికి దూరంగా కూర్చుంటే తప్ప విచారణ నిష్పక్షపాతంగా సాగదని పెద్దలు ఆలోచించే చేసి ఉంటారు. దెహ్రాదూన్ మాట హైదరాబాదు వింటుంది, హైదరాబాదు మాట ఫోన్లన్నీ వింటాయి. తిప్ప మీద నిలబడ్డవాడికి సిగ్నల్ ఉండదు.

రెండో ఆరోపణ, పనిలో నాణ్యత. బాలాసోర్ జిల్లా చాందీపూర్ కూడా ఈ బంగాళాఖాతమే. అక్కడ ఆటు వేళ సముద్రం అయిదు కిలోమీటర్ల దాకా వెనక్కి పోతుంది. జనం దాని అడుగు మీద షికారు చేసి వస్తారు. మన దగ్గరో? పున్నమికీ అమావాస్యకీ కూడా నీరు అంత దూరం పోదు. అక్కడ నేల పళ్ళెంలా చదును, ఇక్కడ ఒడ్డు దాటగానే వాలు, అందుకని తేడా అంటారు తెలిసినవాళ్ళు. ఒకే యజమాని కింద ఒక బ్రాంచి అయిదు కిలోమీటర్లు చూపిస్తుంటే ఇంకో బ్రాంచి ఒక తిప్పతో సరిపెడుతోందంటే, దాన్ని వాలు మీదకు నెట్టేస్తే ఒప్పుకుంటామా?

మూడోది సరిహద్దు ధిక్కారం. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుంచి ఒడిశాలోకి వచ్చింది. మనుషులం రేషన్ కార్డుల దగ్గర్నుంచి బడి పుస్తకాల దాకా అన్నీ మార్చుకున్నాం. ఆ కబురు సముద్రానికి ఇప్పటికీ అందలేదు. నైరుతి గాలులు మొదలైతే చాలు, శ్రీకాకుళం ఒడ్డు ఇసుకను ఒరుసుకుంటూ ఉత్తరానికి, అంటే మన ఒడిశాలోకి, మోస్తూనే ఉంటుంది. గిరిసోల గేటు దగ్గర లారీ ఇసుకకు కాగితాలు అడిగేవాళ్ళు దీన్ని ఆపి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఈ రవాణా వల్ల మొగ దగ్గర ఇసుక ఏటా చోటు మారుతుంది. నిరుడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు మనిషి నిలవడు. కుర్రాడి డ్రోను వీడియో మాత్రం నిరుటిదే, ఇంకా తిరుగుతూనే ఉంది.

మా బావ ఇలాంటి చిన్న విషయాలు పట్టించుకోడు. తిప్పను చూడగానే గజం ఎంత పలుకుతుందని అడిగాడు. ఆటు గీతకూ పోటు గీతకూ మధ్య నేల తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) కిందకి వస్తుంది, 1991 నుంచి నోటిఫికేషన్లు ఉన్నాయి, ఎవరికీ పట్టా రాదని చెప్పాను. "నీళ్ళు లేనప్పుడే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం" అన్నాడు.

మావయ్య సంగతి చెబితే గానీ ఈ అన్యాయం లోతు తెలియదు. మొన్న మాఘ పౌర్ణమి ఆదివారం పడింది. సముద్ర స్నానానికి అంతకు మించిన తిథి లేదు. మావయ్య ఇంట్లో, బరంపురంలో చాలా ఇళ్ళలో లాగే, రెండు పంచాంగాలుంటాయి, తెలుగుదొకటి, ఒడియాదొకటి. నెలల దగ్గర ఆ రెండింటికీ పొసగదు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్ళది పున్నమితో. తిథి దగ్గర మాత్రం రెండూ ఒకే మాట. మావయ్య రెండూ తెరిచి వర్జ్యం చూశారు, దుర్ముహూర్తం చూశారు. యమగండం పోయేదాకా ఆగి ఒకటిన్నరకు కారు తీయించారు. అమావాస్య అయితే గుమ్మం దాటనిచ్చేవారు కాదు, పౌర్ణమి గనక దిగులు లేదన్నారు. సూర్యచంద్రులు ఒక పక్కనున్నా ఎదురెదురుగా ఉన్నా సముద్రాన్ని కలిసే లాగుతారు. అమావాస్యకెంత పోటో పున్నమికీ అంత పోటే. పోటు పెద్దదైన రోజున ఆటూ పెద్దదే. అందుకే ఆ మధ్యాహ్నం తిప్ప ఎన్నడూ లేనంత వెడల్పుగా, రమ్మన్నట్టుగా పరుచుకుని ఉంది. పులిహోర డబ్బాలు, అప్పడాల సంచి, మడత కుర్చీ, మనవలు, అందరూ దాటారు.

నాలుగు దాటాక ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఏట్లో దిగి తిప్ప దాకా వచ్చారు. "బాబూ, నీరు తిరిగీసింది, లెగండి ఇంక" అన్నారు. మావయ్య ఆయనకు హిందీలో బదులిచ్చారు. తెలియని మనిషి ఎదురైతే ముందు హిందీ, అది నప్పకపోతే ఒడియా, ఆఖరికి ఇద్దరమూ తెలుగువాళ్ళమేనని తేలడం బరంపురం మర్యాద. ముసలాయన మళ్ళీ అదే మాట చెప్పారు. మావయ్య గడియారం చూసుకుని, "తాతా, ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు. ఇంత సామాను సర్దేసరికి అందులోకి పడతాం. అది పోయాకే బయల్దేరతాం" అన్నారు. "రాహుకాలం మీకు బాబూ, దానికి కాదు" అని సముద్రం వైపు చూపించి తాత వెళ్ళిపోయారు.

నీరు ఎక్కడానికి ఒక లెక్కుంది. దాదాపు ఆరు గంటల ఎక్కుడులో మొదటి గంటకు వచ్చేది పన్నెండో వంతే. అది చూసి ఏమీ కావడం లేదనుకుంటాం. నడిమి రెండు గంటల్లో సగం నీరు వచ్చేస్తుంది. రెండున్నరకు తిరిగిన నీటికి ఆ నడిమి రెండు గంటలు ఏవని లెక్క వేస్తే నాలుగున్నర నుంచి ఆరున్నర. రాహువుకూ సముద్రానికీ మధ్య ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని నా అనుమానం, విచారణ జరిపించాలి. అయిదున్నరకు దారి పోయింది. పొద్దు కుంకే వేళకు మావయ్య కుర్చీ మీద నిలబడి ఉన్నారు. అప్పుడే తూర్పున చంద్రుడు ఎర్రగా, నిండుగా లేచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అసలు ముద్దాయి అతనేనని వాళ్ళకు తెలియదు.

తాతే బోటు వేసుకొచ్చారు. అందరూ ఒడ్డుకు చేరాక మావయ్య ఛార్జీ దగ్గర బేరం మొదలెట్టారు. రాత్రి ఇంటికొచ్చి ఆ తీరానికి మార్కులు వేశారు. అందానికి అయిదు, నీటి సేవలకు ఒకటి.

క్రమశిక్షణ విషయంలో పొరుగువాళ్ళని చూసి నేర్చుకోవాలంటారు. అదే తీరంలో పైకి పోతే ఋషికుల్య మొగ ఉంది. అక్కడికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో వస్తాయి. పార్కింగ్ అడగవు. రాత్రివేళ వచ్చి, పోటు అందని చోటు చూసుకుని గొయ్యి తీసి, గుడ్లు పెట్టి, పూడ్చి, వచ్చిన దారినే పోతాయి. దెహ్రాదూన్ పట్టిక వాటి దగ్గర లేదు. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ ముందు 20 కిలోమీటర్ల మేర వేట బంద్. అంటే ఏడు నెలలు నోళియా తన వల ముడుచుకు కూర్చోవాలి. కూర్చుంటున్నాడు కూడా. మనం మాత్రం ఆ గుడ్లు పగిలే రోజుల్లో కార్ల లైట్లు వేసుకుని వెళ్ళి, వెలుగే సముద్రమనుకుని దారి తప్పిన పిల్ల తాబేలును అరచేతిలో పెట్టుకుని ఫోటో దిగుతాం. తాబేలుకు నిబంధన ఉంది, బెస్తవాడికి నిబంధన ఉంది, చూడ్డానికి వచ్చినవాడికి బోర్డు ఉంది. బోర్డు మీద గుట్కా ఉమ్మి ఉంది.

అందుచేత నా డిమాండ్లు న్యాయమైనవే. ఆదివారాలూ పండగ సెలవులూ పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు వరకు సముద్రం ఆటులో ఉండాలి. పోటు చేయదలిస్తే కారు స్టార్టు చేసుకునేంత వ్యవధి ఇచ్చి, మూడు భాషల్లో చెప్పి చేయాలి. చంద్రుడి ఆజ్ఞలు పాటించే ముందు జిల్లా యంత్రాంగం అనుమతి పొందాలి. ఈ విషయమై నిపుణుల కమిటీ వేస్తే సభ్యులుగా ఎవరుండాలో కూడా రాసిచ్చాను: డ్రోను కుర్రాడు, మా బావ, హోటలు వాళ్ళ ప్రతినిధి, ఒక జ్యోతిష్కుడు. ఊరి నుంచి ఎవరినైనా వేద్దామా అని ఒకరు అడిగారు. టీ ఇవ్వడానికి మనిషి ఎలాగూ కావాలి కదా అన్నారు ఇంకొకరు.

మావయ్య అప్పుడే కార్తీక పౌర్ణమికి అదే తిప్ప ఖాయం చేశారు. ఆ తెల్లవారుఝామున ఒడియావాళ్ళు బొయిత బందాణ అని చిన్న చిన్న పడవలు నీళ్ళలో వదులుతారు, మనవాళ్ళు దీపాలు వదులుతారు, రెండూ తిప్ప మీదే కానిచ్చేస్తే చెరువుల దగ్గర తోపులాట ఉండదని ఆయన ఆలోచన. పంచాంగాలు రెండూ చూశారు. నీరెప్పుడు తీస్తుందో ఒకసారి ఆ తాతను అడిగి వద్దామా మావయ్యా అన్నాను.

"ఆయన్ని అడగడానికి ఏముందిరా?" అన్నారు. "బక పంచుక కదా, ఒడియావాళ్ళ కార్తీకంలో చివరి అయిదు రోజులు. ఆ అయిదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదు. మనం మాత్రం కొంటామా?"