విండోస్ హోమ్ ఎడిషన్‌లోని మసక చెక్‌బాక్స్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ఎన్‌క్రిప్ట్ కాంటెంట్స్ టు సెక్యూర్ డేటా' గారి దివ్యసముఖమునకు,
ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ బటన్ లోపల, వరుసలో అట్టడుగున.

ఉభయకుశలోపరి.

ఫోల్డర్‌లోని ఫైళ్లని పరాయివాళ్లు చదవకుండా తాళం వేయడం తమ పని. ఆ తాళం కోసం మరో మధ్యాహ్నం తమ సేవలో హారతి కర్పూరమైంది. తమరు ఎప్పటిలాగే మసకమసకగా కూర్చుని ఉన్నారు. పైనున్న 'కంప్రెస్ కాంటెంట్స్' గారు వేలు పడితే చాలు, టిక్కు పెట్టించుకుంటారు. తమరిని ఎన్ని నొక్కులు నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. సరే, పెద్దమనుషులు, పలకకపోతే పోనీండి. ఎందుకు పలకరో పక్కన ఒక్క ముక్క రాసి పెట్టకూడదా? 'ఇది హోమ్ ఎడిషన్, ఇక్కడ నేను పనిచేయను.' అంతే చాలు.

ఆ ముక్క లేకపోబట్టే జనం నెట్ మీద పడి వైద్యం వెతుక్కుంటారు. ఎక్కడ చూసినా అదే మందు. ముందు సర్వీసెస్ తెరిచి 'ఎన్‌క్రిప్టింగ్ ఫైల్ సిస్టమ్' అనేదాన్ని పట్టుకుని స్టార్టప్ టైప్ ఆటోమేటిక్ చేయాలట. ఆ తర్వాత విండోస్ అమరికలన్నీ దాగుండే రెజిస్ట్రీ ఎడిటర్‌లో సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్ మెట్లన్నీ దిగి ఫైల్‌సిస్టమ్‌లోకి వెళ్లి 'ఎన్‌టీఎఫ్ఎస్ డిజేబుల్ ఎన్‌క్రిప్షన్' విలువని సున్నా చేయాలట. వెళ్లి చూస్తే అది ముందునుంచీ సున్నాయే. అది కాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి 'ఎఫ్ఎస్‌యుటిల్' అనే కమాండ్‌తో అదే పని ఇంకోసారి. చివర్లో రీస్టార్ట్, ఆపైన మళ్లీ తమ మసక దర్శనం. ఈ మందంతా ప్రో ఎడిషన్‌లో ఎవరో మూసేసిన దాన్ని తిరిగి తెరవడానికి. హోమ్‌లో తెరవడానికి లోపల ఏమీ లేదు. విండోస్ మీట పట్టుకుని ఆర్ నొక్కి 'విన్‌వర్' అని కొడితే ఎడిషన్ పేరు కళ్లముందుకొస్తుంది. అర నిమిషంలో తేలే సంగతి. ఆ అర నిమిషం సలహా ఆ పొడుగాటి వ్యాసాల్లో ఎక్కడో అడుగున ఉంటుంది, లేదా ఉండదు.

మింగుడుపడనిది ఇదీ. ఆఫీసులో ఎవరి ల్యాప్‌టాప్ వారిది, ఎవరి లాగిన్ వారిది, కాపలాకి ఐటీ వాళ్లు. ప్రో ఎడిషన్ అక్కడుంది, తమరూ అక్కడే చురుగ్గా ఉన్నారు. మరి ఇంట్లోనో? హాల్లో ఒకే కంప్యూటర్, ఇంటిల్లిపాదికీ ఒకే లాగిన్, దాని పిన్ పనమ్మాయికి కూడా తెలుసు. అందులోనే పొలం పాస్‌బుక్కు స్కాన్లు, ఐటీ రిటర్నులు, అమ్మగారి మెడికల్ రిపోర్టులు, కుదరని సంబంధాల తాలూకు ఫోటోలు. బాబాయిగారబ్బాయి 'ఒక్క ప్రింటు తీసుకుంటా అక్కా' అని కూర్చుని గంటసేపు లేవడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని చెప్పుకునే జనానికి, పేరులోనే ఇల్లున్న ఎడిషన్‌ని తాళం పీకేసి అమ్ముతారా?

పోనీ, డబ్బు కట్టి ప్రోకి మారితే తమరు వెలుగుతారు. టిక్కు పెట్టగానే ఐకాన్ మీద బుల్లి తాళం కూడా పడుతుంది. ముచ్చటే. తీరా ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అడగరు. తమ లెక్కలో తాళంచెవి లాగిన్‌కే కట్టి ఉంటుంది కాబట్టి, ఆ లాగిన్‌లో కూర్చున్న ప్రతివాడూ యజమానే. బాబాయిగారబ్బాయి సహా. ఆ ఫైల్‌ని మెయిల్‌కి తగిలిస్తే తాళం ఊడి మామూలు ఫైల్‌గా వెళ్తుంది.

అయితే అసలు యజమాని దగ్గర మాత్రం తమ పౌరుషం చూసి తీరాలి. లోకల్ అకౌంట్ పాస్‌వర్డ్ మరిచిపోయి వేరే అడ్మిన్ లాగిన్ నుంచి రీసెట్ చేశారా, ఫైళ్లు తెరుచుకోవు. సిస్టమ్ నెమ్మదించిందని సందు చివర షాపుకి తీసుకెళ్తే 'ఫార్మాట్ కొడితే రయ్యిమంటుంది సార్' అంటాడు. డేటా డిస్క్‌ని భద్రంగా పక్కన పెట్టి కొత్త విండోస్ ఎక్కిస్తాడు. ఇంటికొచ్చి చూస్తే ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, సైజులు కనిపిస్తాయి, తెరిస్తే 'యాక్సెస్ డినైడ్'. తాళంచెవి ఉండే సర్టిఫికెట్‌ని పీఎఫ్ఎక్స్ అనే ఫైల్‌గా ముందే పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని ఉంటే బతికేవి. దించుకోమని టిక్కు పెట్టినప్పుడు స్క్రీన్ మూల ఒక చిన్న నోటిఫికేషన్ వస్తుంది. వచ్చినంత వేగంగానే పోతుంది.

తమ పుట్టుక విండోస్ 2000తో. ఎక్స్‌పీ రోజుల్లో మామూలు జిప్ ఫోల్డర్‌కే 'యాడ్ ఏ పాస్‌వర్డ్' ఉండేది, విస్టా వచ్చి దాన్ని కూడా తీసేసింది. 2006లో మైక్రోసాఫ్ట్ 'ప్రైవేట్ ఫోల్డర్' అని ఒకటి ఉచితంగా ఇచ్చింది. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్, దానికి ఒక పాస్‌వర్డ్, జనం అడిగింది అచ్చంగా అదే. ఆఫీసుల ఐటీ వాళ్లు 'ఉద్యోగులు పాస్‌వర్డ్ మరిచిపోతే మా గతేం కాను' అని గోల పెట్టేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఆఫీసు బాధ ఆఫీసుది, శిక్ష ఇంటికి.

తమరు ఖాళీగా వదిలేసిన కుర్చీలో ఎవరెవరు కూర్చున్నారో కాస్త చూడండి. ఒకరు 'హిడెన్' గారు. వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ అని ఒక టిక్కు పెడితే బయటికొచ్చేస్తారు, ఐదో తరగతి పిల్లలకి తెలుసు. మరొకరు ఎక్సెల్‌లోని 'ప్రొటెక్ట్ షీట్'. ఆయన గడులు మార్చకుండా ఆపుతాడు తప్ప చదవకుండా ఆపడు. చదవకుండా ఉండాలంటే ఫైల్, ఇన్ఫో, 'ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్' అనే వేరే దారి. మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ అటక వన్‌డ్రైవ్‌లో పర్సనల్ వాల్ట్ ఉంది, డబ్బు కట్టకపోతే మూడంటే మూడు ఫైళ్లు. హోమ్‌కి విదిల్చిన, డిస్క్ మొత్తానికీ తాళం వేసే 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ల్యాప్‌టాప్‌ని రైల్లో ఎవరైనా ఎత్తుకుపోతే పనికొస్తుంది, హాల్లో కూర్చున్నవాడిని అడ్డుకోదు.

వీళ్లందరిలోకీ ఘనుడు యూట్యూబ్ బ్యాచ్ ఫైల్. నోట్‌ప్యాడ్‌లో ఇరవై ముప్ఫై వరుసలు అతికించి 'లాకర్ డాట్ బ్యాట్' అని సేవ్ చేస్తే ఫోల్డర్ మాయం, నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడగడం, సినిమాలో హ్యాకర్ లెవెల్. అదే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి 'ఎడిట్' నొక్కండి. మధ్యలో 'ఇఫ్ నాట్' అని మొదలై 'గోటూ ఫెయిల్' అని ముగిసే ఒక వరుస ఉంటుంది. ఆ రెంటి నడుమ మీ పాస్‌వర్డ్ నిక్షేపంగా, ఒక్క అక్షరం మారకుండా ఉంటుంది. మాయమైన ఫోల్డర్ కూడా ఎక్కడికీ పోలేదు, పేరు మార్చి హిడెన్, సిస్టమ్ అని రెండు ముద్రలు వేశారంతే. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినవాడికి ఆ ముద్రలతో పనే లేదు. డబ్బులు తీసుకునే కొన్ని 'ఫోల్డర్ లాక్' సాఫ్ట్‌వేర్లదీ ఇదే సరుకు, పైన రంగు పూత తేడా.

పనిచేసే తాళాలు బయటివాళ్లవే. ఫైళ్లని ఒక మూటగా కట్టే 7-జిప్ అనే ప్రోగ్రామ్‌లో 'యాడ్ టు ఆర్కైవ్', ఫార్మాట్ 7జెడ్, పాస్‌వర్డ్ రెండుసార్లు, కింద 'ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్' టిక్కు. ఆ టిక్కు మరిస్తే లోపలి ఫైళ్ల పేర్లు ఎవడైనా చదువుకోవచ్చు, ఒక్కోసారి పేరే చాలు కొంప ముంచడానికి. ఫార్మాట్ జిప్ అని వదిలేస్తే పద్ధతి 'జిప్‌క్రిప్టో' అనే పాత తాళం దగ్గరే ఆగుతుంది, 1994లోనే దాని గుట్టు బయటపెట్టారు. ఏఈఎస్-256 అనే గట్టి తాళానికి మార్చుకోవాలి. రోజూ వాడే ఫైళ్లయితే వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్ మేలు: 'ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ కంటైనర్' (ఫైళ్లు దాచుకునే పెట్టె), సైజు, పెద్ద పాస్‌వర్డ్, మౌస్‌ని కాసేపు అటూ ఇటూ తిప్పడం, ఫార్మాట్. పాస్‌వర్డ్ కొట్టి ఆ పెట్టెని మౌంట్ చేస్తే, అంటే తెరిస్తే, కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది, పనయ్యాక దించేయాలి. దించకుండా లేచి టీకి వెళ్తే పడ్డ శ్రమంతా వృథా. టూల్స్‌లో, పెట్టె తాళం వివరాలుండే వాల్యూమ్ హెడర్‌కి బ్యాకప్ తీసి వేరేచోట దాచాలి, హెడర్ చెడితే సరైన పాస్‌వర్డ్ కొట్టినా తెరుచుకోకపోవచ్చు.

తాళం వేశాక కూడా ఊపిరి పీల్చుకునే వీల్లేదు. ఆర్కైవ్ చేసినంత మాత్రాన అసలు ఫోల్డర్ పోదు, విడిగా తీసేయాలి, తీసేశాక రీసైకిల్ బిన్‌లోనూ తీసేయాలి. 7-జిప్ లోపలే డబుల్ క్లిక్ చేసి చూస్తే టెంప్ ఫోల్డర్‌లో మామూలు కాపీ పడుతుంది. మూసేటప్పుడు అదే తుడుస్తుంది, ఈలోగా కరెంటు పోయిందా, కాపీ అక్కడే. ఫోటోలైతే అసలువి తీసేసినా వాటి బుల్లి బొమ్మలు థంబ్‌క్యాష్ ఫైళ్లలో మిగిలే ఉంటాయి. డిస్క్ క్లీనప్‌లో 'థంబ్‌నెయిల్స్' టిక్కు పెట్టి తుడవాలి.

ఇదంతా ఎవరు చేయాలి? అరవై ఏళ్ల నాన్నగారా? అడిగింది ఏమిటయ్యా, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టుకోనివ్వమని. పాతికేళ్లు దాటింది నువ్వు పుట్టి! పనిచేయనివాడివి అక్కడ కూర్చోవడం దేనికి? కంటపడకుండా ఉంటే ఇంకో దారి చూసుకునేవాళ్లు కదా! ఆశపెట్టి, రెజిస్ట్రీ దాకా తిప్పి, రీస్టార్ట్ చేయించి, మళ్లీ అదే ఏడుపు మొహం. వచ్చే అప్‌డేట్‌లోనైనా వెలుగు, లేదా అక్కణ్ణుంచి లే.

ఇట్లు,
హాల్లో కంప్యూటర్ ఉన్న ఒక ఇల్లు

తా.క.: జవాబు రాస్తే పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్‌గా పంపగలరు. ఈ-ఆధార్ పద్ధతిలోనే పెట్టండి, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మేమే కాదు, బాబాయిగారబ్బాయి కూడా తెరిచి చదివిపెడతాడు.