బీరువాలో పెట్టే కాపీకి ఎస్‌ఎస్‌డీ వద్దు

హోమ్ సర్వర్ (ఇంట్లో ఫైళ్లు దాచే కంప్యూటర్) బ్యాకప్‌కి ఎస్‌ఎస్‌డీయే (చిప్‌లలో డేటా దాచే డ్రైవే) మేలని ఒక వ్యాసంలో రాశారు. సర్వర్‌లోనే ఉండి ఎప్పుడూ కరెంటు అందే కాపీకైతే సరే. తీసి బీరువాలో పెట్టే కాపీకి మాత్రం ఒప్పుకోలేను. ఎస్‌ఎస్‌డీలో డేటా విద్యుదావేశంగా నిలుస్తుంది. కరెంటు లేకపోతే అది మెల్లగా కారిపోతుంది. రాతల పరిమితి (మొత్తం ఎంత డేటా రాయొచ్చో ఆ హద్దు) అయిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది డేటా నిలిపితే చాలంటుంది మెమరీ చిప్‌లకు ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ ప్రమాణం. కొత్తదైతే ఇంకా ఎక్కువే నిలుపుతుంది, కానీ వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది.

అందుకే నా ఓటు డేటాను అయస్కాంత రూపంలో దాచే హార్డ్ డిస్కుకే. కొనేముందు అది సీఎంఆరా, ఎస్‌ఎంఆరా చూడండి. సీఎంఆర్‌లో ట్రాకులు, అంటే డేటా రాసే వరుసలు, విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు పెంకుల్లా ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి, పాత బ్యాకప్ మీద మళ్లీ రాస్తుంటే బాగా నెమ్మదిస్తుంది. రెయిడ్ (పలు డిస్కులను కలిపి, ఒకటి పాడైనా డేటా పోకుండా చూసే ఏర్పాటు) ఉందని బ్యాకప్ మానేయకండి: పొరపాటున చెరిపిన ఫైలు అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది.