ప్రశ్న పుట్టని పీపీటీ

సమీక్షల్లో గానీ, మామిడి రైతుల సదస్సుల్లో గానీ, కాలేజీ సెమినార్లలో గానీ తెర మీద వేసే పీపీటీకి, అంటే పవర్‌పాయింట్ స్లైడ్లకి, పరమ ప్రయోజనం ఒక్కటే: చూసినవాడు నోరు తెరవకుండా లేచిపోవాలి. ఈ విద్యలో తిరుపతి, చిత్తూరు వాళ్లది ఒకే గురుకులం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఫైళ్లు పంచుకున్నారు. తెల్ల స్లైడు మీది పసుపు అక్షరాలను మాత్రం ఉమ్మడి ఆస్తిగానే ఉంచుకున్నారు.

2025 సీజన్‌లో తోతాపురి మామిడికి ప్రకటించిన కిలో 12 రూపాయల లెక్కే తీసుకోండి. గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం కలపాల్సింది 4. అమాయకుడైతే ఒకే నిలువు కడ్డీ గీసి, కింద 8కి ఒక రంగు, పైన 4కి ఇంకో రంగు వేసి, అంకెలు కడ్డీ మీదే రాసేస్తాడు. చివరి వరస రైతుకు కూడా క్షణంలో అర్థమైపోతుంది. అర్థమైతే ఊరుకుంటాడా? "ఫ్యాక్టరీవోళ్లు ఆ ఎనిమిదీ ఇయ్యకుంటే ఏంది సామీ గతి?" అంటాడు.

కాబట్టి గుండ్రటి రొట్టెను ముక్కలు కోసినట్టుండే త్రీడీ 'పై చార్టే' శరణ్యం. ఫార్మాట్‌లో 'యాంగిల్ ఆఫ్ ఫస్ట్ స్లైస్' తిప్పి, 4 రూపాయల ముక్కను జనం వైపుకి తెచ్చుకోవాలి. చార్టు వెనక్కి వాలి ఉంటుంది గనక ముందు ముక్క వెడల్పుగా కనబడుతుంది, దాని అంచు మందం కూడా కంటికి ఆ ముక్క ఖాతాలోనే పడుతుంది. వెనకున్న ఎనిమిది నలిగిపోతుంది. మూడో వంతు సాయం చూస్తుండగానే సగానికి చేరువవుతుంది, ఖజానా నుంచి పైసా కదలకుండా.

బార్ చార్టుకి నిలువు అక్షం సున్నా నుంచి మొదలవ్వాలని చాదస్తులు చెబుతారు. వినొద్దు. నిరుడు 100 టన్నులు, ఈ ఏడు 104 అనుకుందాం. అక్షాన్ని 98 దగ్గర మొదలుపెడితే కడ్డీల ఎత్తులు 2, 6 అవుతాయి. నాలుగు శాతం పెరుగుదల మూడింతలైపోతుంది. పాపభీతి ఉన్నవాళ్లకి ఒక ఊరట: అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే సాఫ్ట్‌వేరే తనంతట తాను సున్నాను తీసేస్తుంది. ఫార్మాట్ యాక్సిస్‌లోకి వెళ్లి 'మినిమమ్' దగ్గర 0 కొట్టకుండా ఊరుకుంటే చాలు, పాపం మనకంటదు.

ఇక వెనక బొమ్మ. శేషాచలం మీద సూర్యోదయం తప్పనిసరి. ప్రొజెక్టర్‌కి నలుపు వెయ్యడం చేతకాదు, వెలుగు వెయ్యకుండా ఊరుకోవడమే తెలుసు. హాల్లో లైట్లుంటే నలుపంటే ఆ వెలుతురులో గోడ రంగే. కొండలు బూడిదవుతాయి, వాటి మీది ముదురు నీలం అక్షరాలు కొండల్లో కలుస్తాయి. లడ్డూ ఫొటోని మూల పట్టి లాగితే కొలతలు చెడవు. పక్క చుక్క పట్టి లాగండి, కోడిగుడ్డవుతుంది.

తెలుగు అక్షరాల దగ్గరికొస్తే మన అదృష్టం చెప్పనలవి కాదు. పాత డీటీపీ ఫాంట్‌తో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే, ఆ ఫాంట్ లేని హాలు కంప్యూటర్ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిపి వడ్డిస్తుంది. వేదిక మీద పెద్దలు అదేదో సాంకేతిక విషయమనుకుని తలూపుతారు. గౌతమి, నిర్మలా యూఐ లాంటి యూనికోడ్ (తెలుగును తెలుగుగానే దాచే పద్ధతి) ఫాంట్ వాడినా, తోడుగా పీడీఎఫ్ కాపీ ఉంచుకున్నా ఈ భాగ్యం దక్కదు. అక్షరాలు 24 పాయింట్లు దాటకూడదు, 11 శ్రేష్ఠం. లైన్ స్పేసింగ్ 0.8కి కుదిస్తే పై వరస వత్తులు దిగొచ్చి కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. ఇంగ్లీషుకి ఈ సౌకర్యం ఎక్కడిది?

యానిమేషన్ గురించి చెప్పేదేముంది, ప్రతి వాక్యం గిరగిరా తిరుగుతూ రావాలి. కరెంటు పోతే అదృష్టం.

ఇంత చేసినా ఎవరో ఒకరు చెయ్యెత్తి "ఆ ఎర్రగీత రేటా, దిగుబడా సామీ?" అంటారు. గీత పక్కనే దాని పేరు రాసి ఉంటే చిక్కులో పడేవాళ్లం. మనం రాయలేదు కదా, లేజర్‌తో కింద మూలనున్న లెజెండ్, అంటే ఏ రంగు దేనిదో చెప్పే పట్టీ, చూపించండి. అక్కడ ఆరు రంగులు, అందులో రెండు ఎరుపులు, ఎనిమిది పాయింట్ల అక్షరాలు. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసేలోగా "నెక్స్ట్ స్లైడ్" అనేయొచ్చు.