నీరోకి ఫిడేలు ఎవరిచ్చారు?

వరదొస్తే నీరో. కరెంటు పోతే నీరో. కల్లాల్లో ధాన్యం తడిసినప్పుడు ముఖ్యమంత్రి ఊళ్ళో లేకపోతే ఇక చెప్పనే అక్కర్లేదు, "రోమ్ తగలబడుతుంటే ఫిడేలు వాయించిన నీరో చక్రవర్తిలా..." అంటూ సాయంత్రానికల్లా ప్రతిపక్షం మైకు పట్టుకుంటుంది. ప్రభుత్వం మారితే డైలాగు అటువాళ్ళ నుంచి ఇటువాళ్ళకి బదిలీ అవుతుంది. మర్నాడు సంపాదకీయంలో మళ్ళీ అదే వడ్డన.

రోమ్ తగలబడింది క్రీ.శ. 64 జూలైలో. ఫిడేలు పుట్టింది 16వ శతాబ్దంలో. దాన్ని బాలుస్వామి దీక్షితర్ మన కచేరీల్లోకి తేవడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు కమాను పట్టిన వాద్యాన్ని ఈ మాతృహంతకుడికి అంటగట్టడం ఏం మర్యాద? నీరో మీటింది కితారా అనే తీగల వాద్యం. పైగా రథాల పందేల మైదానం సర్కస్ మాక్సిమస్ పక్క దుకాణాల్లో నిప్పంటుకున్న రాత్రి అతను యాభై కిలోమీటర్ల అవతల అంటియమ్ అనే ఊళ్ళో ఉన్నాడు. మంట తన ఇంటిదాకా వచ్చాకే కదిలాడు, నిజమే. కానీ వచ్చాక తోటలు తెరిచాడు, షెడ్లు వేయించాడు, ధాన్యం ధర కొలతకు 3 సెస్టర్సులకు (రోమన్ నాణేలు) దించాడు. పునరావాస కేంద్రంలో పులిహోర పొట్లం ఎన్నింటికి అందుతుందో ఎరిగిన జనం మనం, దీన్ని తక్కువచేసి మాట్లాడకూడదు. ఊరు కాలుతుంటే ట్రాయ్ నగర పతనం మీద పాట పాడాడన్నది పుకారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్సే రాశాడు. తర్వాత ఇళ్ళకు ఉమ్మడి గోడలు ఉండకూడదని రూలు పెట్టి, కాలిన స్థలంలో తనకో బంగారు మేడ కట్టుకున్నాడు. రియల్ ఎస్టేట్ అప్పుడూ అంతే.

ఫిడేలు లాగేసుకుంటే నీరో చిన్నబోతాడని బెంగ వద్దు. గొంతు కోసం రొమ్ము మీద సీసపు పలక పెట్టుకుని వెల్లకిలా పడుకునేవాడు, ఎనిమాలు చేయించుకునేవాడు, పళ్ళు మానేశాడు. చప్పట్లకు అయిదు వేలమందికి పైగా కుర్రాళ్ళ దండు. తేనెటీగల రొద, పెంకులు, ఇటుకలు అని చప్పట్లు మూడు రకాలు. దండు నాయకులకు తలా 4 లక్షల సెస్టర్సులు. (మన సభల్లో బిర్యానీ పొట్లంతో సరిపెడుతున్నాం, రేటు బాగా పడిపోయింది.) దొరవారు పాడుతుంటే ఎంత అవసరమైనా లేవకూడదు, తలుపులకు తాళం. అక్కడే కాన్పులయ్యాయని, కొందరు దొంగచాటుగా గోడ దూకారని, మరికొందరు చచ్చినట్టు పడుండి పాడె మీద బయటపడ్డారని నీరో జీవితచరిత్ర రాసిన స్యూటోనియస్ రాశాడు. పాడె మోసినవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకీ పాట తప్పింది! ఈయన వీలుకోసం రెండేళ్ళు వాయిదాపడిన 67 ఒలింపిక్స్‌లో పది గుర్రాల రథం తోలి కిందపడ్డాడు. మళ్ళీ ఎక్కించినా పందెం పూర్తిచేయలేకపోయాడు. కిరీటం మాత్రం ఆయనకే.

61లో నగరాధికారి పెడానియస్ సెకండస్‌ని ఓ బానిస చంపాడు. ఆ ఇంటి బానిసలందర్నీ చంపాలంది చట్టం. నాలుగు వందల మంది, ఆడవాళ్ళూ పిల్లలతో సహా. జనం రాళ్ళూ కాగడాలూ పట్టుకుని అడ్డుపడితే, నీరో వాళ్ళని గద్దిస్తూ ప్రకటన ఇచ్చి, దారి పొడవునా సైనికుల్ని నిలబెట్టి ఆ నాలుగు వందల మందినీ చావుకి నడిపించాడు. అంతా చట్టప్రకారమే. పెద్దమనుషుల సెనేట్ ఆమోదంతోనే. వీళ్ళే చక్రవర్తి రంగస్థలమెక్కితే పరువు పోయిందని ఏడ్చినవాళ్ళు! మనం సామెతలో దాచుకున్నది మాత్రం సంగీతాన్ని.

అగ్గి ఆరాక తనమీద అనుమానం పోగొట్టుకోవడానికి క్రైస్తవుల మీదికి నేరం నెట్టాడు. ఊళ్ళో అప్పటికే జనానికి గిట్టని, తిరగబడలేని మనుషులు వాళ్ళు. కొందరికి జంతుచర్మాలు తొడిగి కుక్కల చేత చీల్పించాడు, కొందర్ని పొద్దుగుంకాక తన తోటల్లో దీపాలుగా కాల్పించాడు. మనుషుల్ని, దీపాలుగా! ఆ వెలుగులో రథసారథి వేషంలో జనం మధ్య తిరిగాడు. ఈ నీరోని ఏ నాయకుడూ మైకు ముందుకు తీసుకురాడు. ఊరు తగలబడగానే నేరాన్ని బలహీనుల పేటకి తోసే విద్య గురించి ఎత్తితే, ముందు వేదిక మీదివాళ్ళే భుజాలు తడుముకుంటారు. ఫిడేలు అయితే ఎవరికీ తగలదు.